వంటనూనెకు మనం బయటికెందుకు చూడాలి? నూనెగింజల పంటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం వైపు బుడ్డలు, అంటే వేరుశనగ, పండించిన ఇల్లు. ఊళ్లో రైతులు కనబడితే ‘ఏం వేస్తే గిట్టుతుంది’ అని అడుగుతారు. పట్నంలో బంధువులు ఫోన్ చేస్తే ‘నూనె ధర ఎప్పుడు తగ్గుతుంది’ అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే ముడికి రెండు కొసలని నా నమ్మకం. నూనెగింజ పండించేవాడికి విత్తనం, ధర భరోసా లేకపోవడమే ఆ ముడి. చాలాసార్లు ఎదురైన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

మన దేశం బయటినుంచి నిజంగా ఎంత నూనె కొంటోంది?

ఏటా సుమారు 1.6 కోట్ల టన్నులు. అంటే రోజుకు దాదాపు 44 వేల టన్నులు. మనం వాడే నూనెలో సగానికి మించి, దాదాపు 55 నుంచి 60 శాతం, ఓడల్లో వస్తోంది. దీనికోసం ఏడాదికి లక్ష కోట్ల రూపాయలకు పైగా బయటి దేశాలకు వెళుతోంది. ఇండోనేషియా, మలేషియాల నుంచి పామాయిల్, అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి సోయా నూనె, రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి పొద్దుతిరుగుడు నూనె వస్తాయి. మామూలుగా ఇందులో సగమో, అంతకన్నా ఎక్కువో పామాయిలే. 2024-25లో మాత్రం దాని ధర పెరగడంతో పామాయిల్ తగ్గి సోయా పెరిగింది. మన కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర అన్ని రిఫైనరీలు వెలిసింది ఇలా వచ్చే ముడి నూనెను శుద్ధి చేయడానికే.

ఇంత వ్యవసాయం ఉన్న దేశంలో నూనె ఎందుకు చాలడం లేదు?

మన వాడకం పంటకన్నా వేగంగా పెరిగింది. 1950 ప్రాంతంలో మనిషికి ఏడాదికి మూడు కిలోల నూనె ఉండేది. ఇప్పుడది 19.7 కిలోలని 2024లో నీతి ఆయోగ్ లెక్క కట్టింది. జనాభా నాలుగింతలైతే, ఒక్కొక్కరి వాడకం ఆరింతలు దాటింది. పండగకు మాత్రమే గారెలు, బూరెలు వండుకున్న రోజులు మా అమ్మకు గుర్తున్నాయి. ఇప్పుడు సాయంత్రమైతే వీధి చివర బజ్జీల బండి ఉంటుంది.

రెండో కారణం పొలంలోనే ఉంది. నీళ్లున్న భూమి వరికి, గోధుమకు, చెరకుకు వెళ్లింది. నూనెగింజలకు మిగిలింది మెట్ట, ఎర్రనేల, వానపై ఆశ. దేశంలో నూనెగింజల విస్తీర్ణంలో ఎక్కువ భాగం ఈనాటికీ వర్షాధారమే. వరి రైతుకు కొనుగోలు కేంద్రం ఉంది, బోరుకు ఉచిత కరెంటు ఉంది. మెట్ట రైతుకు అలాంటి అండ ఏదీ లేదు. అందుకని ఒక్క బోరు పడినా రైతు వరికో, మొక్కజొన్నకో మారిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

ఒకప్పుడు మనకు సరిపడా నూనె మనమే తీసుకున్నామంటారు. నిజమేనా?

నిజమే. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1980ల మధ్యలో కూడా దేశం నూనె దిగుమతులతో ఇబ్బంది పడింది. 1986 మే నెలలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. కొత్త విత్తనం, మేలైన సాగు పద్ధతులు, నూనె తీసే మిల్లులు, ధర మద్దతు, ఈ నాలుగింటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పాల సహకార సంఘాల తరహాలోనే నూనెగింజల రైతులను కూడగట్టింది. ‘ధారా’ నూనె ఆ ప్రయత్నంలోంచే 1988లో వచ్చింది. మార్కెట్లో గింజ ధర మరీ పడిపోకుండా, నూనె ధర మరీ పెరగకుండా చూసే బాధ్యత కూడా ఆ సంస్థ కొన్నాళ్లు మోసింది.

ఫలితం పదేళ్లలోనే కనిపించింది. 1986-87లో 1.1 కోట్ల టన్నుల చుట్టుపక్కల ఉన్న నూనెగింజల దిగుబడి 1996-97 నాటికి 2.4 కోట్ల టన్నులు దాటింది. 1990ల మొదట్లో మన అవసరానికి దాదాపుగా మన గింజే సరిపోయింది. దాన్నే పసుపు విప్లవం అన్నారు.

మరి అది ఎందుకు నిలవలేదు?

1994లో పామోలిన్‌ను 65 శాతం సుంకంతో ఎవరైనా తెచ్చుకునేలా గేటు తెరిచారు. 1995లో సుంకం 30 శాతానికి, 1998 నాటికి 15 శాతానికి దిగింది. చౌక నూనె రేవులోకి రావడం మొదలైంది. 1990ల చివరికల్లా దిగుమతులు 40 లక్షల టన్నులు దాటాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో సోయా నూనె సుంకానికి 45 శాతం పైపరిమితి కూడా ఒప్పుకున్నాం.

పట్నంలో పేదవాడికి నూనె చౌకగా దొరకడం మంచిదే. రేషన్ షాపులో పామోలిన్ ప్యాకెట్ ఎన్నో ఇళ్లలో కూరకు దిక్కయింది. కానీ ఆ చౌకకు ఖరీదు కట్టింది మెట్ట రైతు. కొత్త విత్తనం, నీళ్లు, మిల్లు ఆధునికీకరణ మీద పెట్టాల్సిన శ్రద్ధ, డబ్బు అప్పటినుంచే సన్నగిల్లాయి. గేటు తెరవడం కన్నా ఇలా రైతును వదిలేయడమే పెద్ద తప్పని నేను అనుకుంటాను.

నూనెగింజల పంటలంటే ఏవేవి?

లెక్కలో తొమ్మిది ఉంటాయి. వేరుశనగ, సోయాచిక్కుడు, ఆవాలు, పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ, వలిసెలు తినే నూనెకు పనికొస్తాయి. ఆముదం, అవిసె ఎక్కువగా పరిశ్రమలకు వెళతాయి. అరకు వైపు కొండవాలుల్లో శీతాకాలం మొదట్లో పసుపు పచ్చగా పూసి, జనం ఫొటోలు తీసుకునేది వలిసె చేలే. వీటికి తోడు ఆయిల్‌పామ్, కొబ్బరి, పత్తి గింజ, బియ్యం తవుడు ఉన్నాయి.

వేరుశనగ గింజలో, నువ్వుల్లో 45 నుంచి 50 శాతం నూనె ఉంటుంది. సోయాలో 18 నుంచి 20 శాతమే. సోయాకు ధర వచ్చేది ప్రధానంగా నూనె తీశాక మిగిలే చెక్క వల్ల, అంటే కోళ్ల మేత వల్ల. అందుకే కోళ్ల మేత గిరాకీ పడిపోతే, వంటనూనె ఎంత ప్రియంగా ఉన్నా సోయా రైతు దెబ్బతింటాడు.

అనంతపురంలో వేరుశనగ ఎందుకు తగ్గిపోయింది?

ఈ ప్రశ్న నాకు సొంత ఇంటి విషయం. ఒకప్పుడు ఆ ఒక్క జిల్లాలోనే 8 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే చోట, ఎర్రనేలలో, అంతగా నమ్ముకున్న పంట మరొకటి లేదు. గింజ అమ్ముకుంటే డబ్బు, కాయ కోశాక మిగిలే కట్టె పశువుల మేత, చెక్క ఎరువు. ఇల్లు మొత్తం ఆ పంట మీదే నడిచేది.

ఏటా అదే చేలో అదే పంట పడటంతో నేల అలిసిపోయింది. పూత నుంచి నేలలోకి ఊడలు దిగే సమయంలో, వాటి కొసన కాయ ఊరే సమయంలో ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే చాలు, చేను మొత్తం పోతుంది. ఇక 2000 ఖరీఫ్‌ను ఆ జిల్లా మరచిపోదు. కాండం కుళ్ళు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంటను తిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో ఆ వైరస్ దాక్కుని ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి వేరుశనగ ఆకు మీద వేస్తాయి. కలుపు మొక్కే కదా అని గట్టు మీద వదిలేసింది చేలోకి మృత్యువును తెచ్చింది. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో, సజ్జో వేయమని, పూతకు రాకముందే వయ్యారిభామ పీకేయమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

ఆ తర్వాత బోరున్నవాళ్లు చీనీ (బత్తాయి), దానిమ్మ, టమాటా వైపు వెళ్లారు. లేనివాళ్లు కందికో, పత్తికో మారారు, కొందరు బెంగళూరు బస్సెక్కారు.

వేరుశనగకు విత్తనం అంత పెద్ద సమస్య ఎందుకు?

ఒక ఎకరాకు 60 నుంచి 80 కిలోల గింజ కావాలి. పత్తికి గ్రాముల్లో, వరికి ఇరవై పాతిక కిలోల్లో సరిపోతుంది. వేరుశనగ మొక్క వేసిన గింజకు ఎనిమిది పదింతలే తిరిగిస్తుంది. అంటే రైతు పండించినదాంట్లో ఎనిమిదో వంతు దాకా మళ్లీ నేలలోకే పోవాలి. పైగా ఇది తన పుప్పొడితో తానే ఫలించే పంట. ఒకసారి మంచి విత్తనం కొన్న రైతు మళ్లీ ఏటా కొనాల్సిన పని లేదు. లాభం తక్కువ, బరువు ఎక్కువ, నిల్వ కష్టం. అందుకే ప్రైవేటు విత్తన కంపెనీలు దీని జోలికి పెద్దగా రావు. భారమంతా ప్రభుత్వ విత్తనం మీద, సబ్సిడీ క్యూల మీద పడింది.

తమిళనాడు తిండివనంలో 1940లో విడుదలైన టీఎంవీ-2 రకాన్ని మా జిల్లాలో దశాబ్దాల పాటు వేశారు. ఆ తర్వాత జేఎల్-24, కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6, ఈమధ్య కదిరి లేపాక్షి వచ్చాయి. కొత్త రకం కనిపెట్టడానికీ, అది మూలనున్న ఊరి రైతు చేతికి బస్తాల్లో అందడానికీ మధ్య పదేళ్లు పడుతోంది. నా దృష్టిలో దేశపు నూనె కొరత మొదలయ్యేది సరిగ్గా ఆ పదేళ్ల ఖాళీలోనే.

ఒక ఏడాది మా నాన్న పట్నంలో ఒక దుకాణం నుంచి విత్తనకాయలు కొన్నాడు. సగం మొలవలేదు. అదను దాటిపోయాక మళ్లీ విత్తడానికి ఏముంది? ఆ ఏడాదంతా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అందుకే నన్ను అడిగిన ప్రతి రైతుకూ చెబుతాను: విత్తడానికి పది రోజుల ముందే నూరు గింజలు తడి గోనెపట్టాలో వేసి మొలక చూసుకోండి. డెబ్బైకన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు.

ఒక ఎకరా వేరుశనగ ఎన్ని ఇళ్లకు నూనె ఇస్తుంది?

ఓ మోస్తరుగా ఎనిమిది క్వింటాళ్ల కాయలు వచ్చాయనుకుందాం. పొట్టు పోగా సుమారు ఐదున్నర క్వింటాళ్ల గింజ. మిల్లులో ఆడిస్తే రెండుంబావు క్వింటాళ్ల దాకా నూనె. ఇప్పటి సగటు వాడకం ప్రకారం నలుగురున్న ఇంటికి ఏడాదికి దగ్గరదగ్గర 80 కిలోలు కావాలి. అంటే ఎకరా పంట మూడిళ్లకు కూడా పూర్తిగా చాలదు. వాన పోయి ఎకరాకు రెండు, రెండున్నర క్వింటాళ్లే వస్తే ఒక్క ఇంటికీ చాలదు.

పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, అచ్చంపేటల్లో యాసంగిలో బోర్ల కింద వేసే పల్లి ఇంతకు రెట్టింపు దిగుబడి ఇవ్వగలదు. ఆ కాయకు బూజు విషం, అంటే అఫ్లాటాక్సిన్, తక్కువగా ఉంటుందని వ్యాపారులు ప్రత్యేకంగా వెతుక్కుంటూ వస్తారు. కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన చోట వరి ఒక్కటే కాకుండా ఇలాంటి పంటకు నీళ్లిస్తే, ఎంత తక్కువ నీటితో ఎంత విలువ తీయొచ్చో ఆ ప్రాంతమే చూపిస్తోంది.

అయితే ఆయిల్‌పామ్ తోటలు వేస్తే ఈ సమస్య మొత్తం తీరిపోతుందా?

ఒక ఎకరాలో వచ్చే నూనె లెక్కన ఆయిల్‌పామ్‌కు సాటి లేదు. మంచి తోటలో ఎకరాకు ఎనిమిది నుంచి పది టన్నుల గెలలు వస్తాయి. గెల బరువులో 18 శాతం చుట్టుపక్కల నూనె దిగుతుంది. వేరుశనగకన్నా ఆరు నుంచి ఎనిమిది రెట్లు అనుకోవచ్చు. దేశంలో పండే పామాయిల్‌లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. ఏలూరు దగ్గర పెదవేగిలో దీనికోసమే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం వైపు ముప్పై ఏళ్లుగా దీన్ని నమ్ముకుని నిలబడ్డ రైతులున్నారు.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. అప్పటికి ఉన్న మూడున్నర లక్షల హెక్టార్లను 2025-26 నాటికి 10 లక్షలకు చేర్చాలన్నది లక్ష్యం. తెలంగాణ సొంతంగా 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది.

అంతా బాగుంది కానీ నీళ్ల లెక్క వేయకుండా మాట్లాడితే అన్యాయమవుతుంది. ఒక చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు, ఎండాకాలంలో అంతకన్నా ఎక్కువ కావాలి. ఎకరాకు 57 చెట్లు. రోజుకు పదకొండు వేల లీటర్ల మాట. గోదావరి, కృష్ణా నీళ్లు అందేచోట ఇది వరికన్నా నయమే. భూగర్భజలం అడుగంటిన చోట, లోతైన బోర్ల మీద ఆధారపడి ఈ తోట పెడితే పదేళ్లకు ఊరంతటికీ నీళ్లుండవు. ఆయిల్‌పామ్ పెంచాలనే నేనూ అంటాను. కాలువ ఉన్నచోట, వరి తగ్గించుకోవాల్సిన చోట అది సరైన పంట.

నా పొలంలో ఆయిల్‌పామ్ వేయొచ్చా? ముందు ఏం చూసుకోవాలి?

మొదట నీళ్లు, తర్వాత ఫ్యాక్టరీ దూరం. గెల కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పోతుంది. మీ మండలం ఏ కంపెనీకి కేటాయించారో ఉద్యానశాఖలో కనుక్కోండి. ఆ పరిధిలో గెలలు కొనే బాధ్యత వాళ్లదే, మీరు బయట అమ్ముకునే వీలు ఉండదు. ఫ్యాక్టరీ ఇంకా కట్టని చోట తోట పెట్టి, నాలుగేళ్ల తర్వాత గెలలు ఎక్కడికి తోలాలో తెలియక టెన్షన్ పడినవాళ్లున్నారు.

మొక్కలు టెనెరా రకం అయ్యుండాలి. అది గుర్తింపు ఉన్న నర్సరీ నుంచే రావాలి, ఎందుకంటే తప్పు మొక్క వేస్తే అది తప్పని తెలిసేసరికి నాలుగేళ్లు పోతాయి. మొదటి మూడేళ్లు రాబడి ఉండదు. ఆ కాలంలో అంతర పంటలు వేసుకోవాలి, చెట్లు పెరిగాక కోకో పెట్టుకోవచ్చు. తోట ఇరవై అయిదు, ముప్పై ఏళ్లుంటుంది. ధర ప్రపంచ మార్కెట్‌తో ఊగుతుంది. 2022లో టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది, 2023లో 13 వేల చుట్టుపక్కలకు పడింది, 2024 చివరికి మళ్లీ 20 వేలు దాటింది. 13 వేల ధరకు కూడా మీ లెక్క సరిపోతుందా అని చూసుకుని దిగండి.

పొద్దుతిరుగుడు చేలు ఇప్పుడు కనబడవెందుకు?

నంద్యాల, కర్నూలు నల్లరేగళ్లలో ఒకప్పుడు కిలోమీటర్ల పొడవున ఉండేవి. దేశంలో 20 లక్షల హెక్టార్లకు పైగా వేసిన పంట ఇప్పుడు అందులో ఐదో వంతు కూడా లేదు. వేరుశనగను తిన్న వైరసే దీన్నీ పట్టింది. చిలకల బెడద మరోటి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉక్రెయిన్ నుంచి చౌక నూనె వస్తున్న రోజుల్లో గింజకు ధర లేక రైతు శనగకు మారాడు. తీరా 2022లో అక్కడ యుద్ధం వచ్చేసరికి మనకు గింజా లేదు, నూనె కూడా రాలేదు. ఒక పంటను పోగొట్టుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. తిరిగి తెచ్చుకోవడానికి ఎంత పడుతుందో ఆలోచించండి.

ఎక్కడో యుద్ధం జరిగితే మా కిరాణా కొట్టులో ధర ఎందుకు పెరగాలి?

సగానికి పైగా బయటి నూనె మీద బతుకుతున్నాం కాబట్టి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఓడలు ఆగాయి. ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతి నిలిపేసింది, మే 23 వరకు తెరవలేదు. ఆ నెలల్లో లీటరు ప్యాకెట్ దగ్గర నిలబడి చేతిలో డబ్బు లెక్కపెట్టుకున్న ఆడవాళ్లను నేను చూశాను. వాళ్ల దేశం వాళ్లు చూసుకున్నారు, తప్పు పట్టలేం. ఒక నూనె దొరక్కపోతే జనం రెండోదాని మీద పడతారు కాబట్టి, మన వేరుశనగ నూనె ధర కూడా వాటితో పాటే కదులుతుంది.

మద్దతు ధర ప్రకటిస్తున్నారు కదా, ఇంకేం కావాలి?

2025-26 ఖరీఫ్‌కు క్వింటాలు వేరుశనగకు 7,263, పొద్దుతిరుగుడుకు 7,721, నువ్వులకు 9,846, సోయాకు 5,328 రూపాయలు ప్రకటించారు. కాగితం మీద తక్కువేం కాదు. కానీ ఆ ధరకు కొనేవాడు యార్డులో ఉండాలి. 2024 ఖరీఫ్‌లో సోయా మద్దతు ధర 4,892 రూపాయలైతే, మార్కెట్లో చాలా రోజులు అంతకన్నా తక్కువకే పోయింది. కొనుగోలు కేంద్రం తెరిచేలోపు చిన్న రైతు అప్పులవాడికి చెల్లించడానికి అమ్మేసుకుంటాడు. పంట కోతకు రాకముందే కేంద్రం తెరిస్తే సగం సమస్య తీరుతుంది. వరి విషయంలో చేయగలిగిన పని వేరుశనగకు చేయలేకపోవడానికి కారణం నాకు కనబడదు.

దిగుమతి సుంకం పెంచితే సామాన్యుడి మీద భారం పడదా?

పడుతుంది. తగ్గిస్తే రైతు మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మొత్తం సుంకం 27.5 శాతానికి పెంచారు, 2025 మే నెలాఖరులో 16.5 శాతానికి తగ్గించారు. శుద్ధి చేసిన నూనె మీద 35.75 శాతం అలాగే ఉంచారు. ముడి నూనె ఇక్కడికే వచ్చి మన రిఫైనరీల్లో పని జరగాలన్నది ఆ తేడా ఉద్దేశం.

నా అభిప్రాయం ఒకటే. విత్తే ముందు ఒక సుంకం, కోసేసరికి ఇంకో సుంకం ఉండకూడదు. రైతు జూన్‌లో నమ్మి విత్తిన ధర నవంబరులో ఉండాలి. పేద ఇంటికి చౌక నూనె రేషన్ ద్వారా ఇవ్వొచ్చు, అందుకోసం దేశమంతటికీ గేటు ఎత్తాల్సిన అవసరం లేదు. సుంకంగా వచ్చిన డబ్బులో కొంత నేరుగా నూనెగింజల విత్తనానికీ, కొనుగోలుకీ పెడితే రైతుకూ నమ్మకం కుదురుతుంది.

జన్యుమార్పిడి ఆవాలు వస్తున్నాయా?

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారుచేసిన డీఎంహెచ్-11 ఆవాలకు 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి దొరికింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. ఇది ప్రధానంగా ఉత్తరాది పంట గొడవ. అయితే బయటినుంచి తెచ్చుకునే సోయా నూనెలో అత్యధికం జన్యుమార్పిడి సోయాదేనని, మన పత్తిగింజల నూనె బీటీ పత్తిదేనని గుర్తుంచుకుని మాట్లాడుకోవాలి.

తవుడు నూనె మంచిదేనా? దాన్ని ఇంకా పెంచొచ్చా?

మంచిదే, పెంచొచ్చు కూడా. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఏడెనిమిది కిలోల తవుడు, అందులోంచి కిలోకు పైగా నూనె వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంత వరి పండుతున్నప్పుడు అదనంగా ఒక్క సెంటు భూమి అక్కర్లేకుండా దొరికే నూనె ఇది. చిక్కల్లా ఒకటే, తవుడు మిల్లులోంచి రాగానే అందులోని ఎంజైమ్ నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. గంటల్లో వేడిచేసి స్థిరపరచాలి, లేదా త్వరగా సాల్వెంట్ ప్లాంటుకు, అంటే తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీకి, చేర్చాలి. చిన్న రైస్‌మిల్లుల తవుడు ఆ వేగం అందుకోలేక పశువుల దాణాకు పోతోంది. మిల్లుల దగ్గర చిన్న స్టెబిలైజర్లు పెట్టించడం ఆయిల్‌పామ్ తోట పెంచడం కన్నా త్వరగా ఫలితమిచ్చే పని.

గానుగ నూనె అని అమ్మేది అసలైనదేనని ఎలా తెలుసుకోవాలి?

ధరతో మొదలుపెట్టండి. లీటరు వేరుశనగ నూనె తీయడానికి రెండుంబావు నుంచి రెండున్నర కిలోల గింజలు పడతాయి. కిలో గింజలు 110 రూపాయలనుకుంటే గింజలకే 250 నుంచి 275 దాకా అవుతుంది. చెక్క అమ్మితే ఓ యాభై తిరిగొస్తుంది, గానుగ ఖర్చు మళ్లీ కలుస్తుంది. కాబట్టి ఎవరైనా లీటరు 170కి ‘స్వచ్ఛమైన గానుగ నూనె’ అంటే అందులో వేరే నూనె కలిసిందని అనుమానించాలి. వీలైతే మీరే గింజలు తీసుకెళ్లి కళ్లముందు ఆడించుకోండి. మా ఊళ్లో ఇప్పటికీ కొందరు అదే చేస్తారు. ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు ‘బ్లెండెడ్’ అనే మాట ఉందేమో చూడండి. రెండు నూనెలు కలిపి అమ్మడానికి అనుమతి ఉంది, ఒక్కో నూనె కనీసం 20 శాతం ఉండాలి. ముందువైపు పెద్దగా వేసిన బొమ్మను నమ్మకండి, వెనుక చిన్న అక్షరాలు చదవండి. గ్రాములు కూడా చూడండి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి తక్కువ తూగేవి ఉన్నాయి.

ఒక ఇంటికి నెలకు ఎంత నూనె సరిపోతుంది?

భారత వైద్య పరిశోధన మండలి చెప్పే లెక్క మనిషికి ఏడాదికి 12 కిలోలు. నలుగురికి నెలకు నాలుగు కిలోలు. బయట తినేది కూడా ఇందులోనే లెక్క కాబట్టి ఇంట్లో మూడు కిలోలతో సరిపెట్టుకోవడం మేలు. ఇప్పుడు మనం సగటున 19.7 దగ్గర ఉన్నాం. దేశమంతా పదో వంతు తగ్గించినా పాతిక లక్షల టన్నుల పైన దిగుమతి తగ్గుతుంది. ఏ పంట మిషనూ ఒక్క ఏడాదిలో ఇంత ఇవ్వలేదు.

కానీ ఈ సలహా అందరికీ ఒకేలా చెప్పకూడదు. సగటు వెనుక చాలా తేడాలున్నాయి. కూలికి వెళ్లే ఇంట్లో పిల్లలకు నూనె ఇంకా కావాలి. తగ్గించుకోవాల్సింది మనలాంటి వాళ్లం.

వేపిన నూనె మళ్లీ వాడొచ్చా?

ఇంట్లో ఒకసారి వేపిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపుకు వాడేయండి, మళ్లీ మళ్లీ కాచకండి. హోటళ్లకు ఆహార భద్రత సంస్థ పరిమితి పెట్టింది. నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలి. ఆ నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకం 2018 నుంచి ఉంది. మీకు తెలిసిన టిఫిన్ బండి అన్నకు ఈ సంగతి చెప్పండి, కొనేవాళ్లు ఉన్నారని చాలామందికి తెలియదు.

2030-31 నాటికి 72 శాతం నూనె మనమే తీస్తామంటున్నారు. సాధ్యమేనా?

ఆయిల్‌పామ్ మిషన్‌తో కలిపి, 2024 అక్టోబరులో ఆమోదించిన నూనెగింజల మిషన్ లక్ష్యం అది. ఖర్చు 10,103 కోట్లు. నూనెగింజల దిగుబడి 6.97 కోట్ల టన్నులకు చేరాలి. 2024-25లో వచ్చింది సుమారు 4.3 కోట్ల టన్నులు, అప్పటికి అది రికార్డు. అక్కడినుంచి ఆరేళ్లలో ఇంకో 2.7 కోట్ల టన్నులు పెరగాలి. కష్టమే. కాకపోతే ఆ మిషన్‌లో విత్తన కేంద్రాలకు, విత్తన గోదాములకు చోటిచ్చారు, అది సరైన ఆలోచన. 1986 మిషన్ గెలిచింది విత్తనం, ధర కలిసి నడిచినందుకే. ఇప్పుడు విత్తనం వస్తూ ధర ఊగితే రైతు మళ్లీ తప్పుకుంటాడు.

నాకు మూడెకరాల మెట్ట ఉంది. ఈ ఏడాది నేనేం చేయొచ్చు?

వేరుశనగ ఒక్కటే వేయకండి. పదకొండు సాళ్లకు ఒక సాలు కంది పెట్టండి, వాన వెనక్కి పోతే కందయినా నిలుస్తుంది. పోయినసారి వేరుశనగ వేసిన చేలో ఈసారి జొన్నో, సజ్జో వేయండి. నలభై, నలభై అయిదు రోజుల మధ్య ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. కాయ గట్టిగా నిండుతుంది. ఆ తర్వాత గుంటక తోలొద్దు, ఊడలు తెగిపోతాయి.

అడవిపందుల బెడద ఉంటే శీతాకాలం పంట చుట్టూ కుసుమ వేయండి. ముళ్లకు పందులు జంకుతాయి, గింజకు నూనె ధర దొరుకుతుంది. తాండూరు పరిశోధన కేంద్రంలో విత్తనం అడగండి. అరెకరం బోరు నీళ్లు దొరికితే రబీలో విత్తనం కోసమే వేరుశనగ వేసుకోండి. రబీ కాయకు మొలక బాగుంటుంది. కాయను బాగా ఎండబెట్టి, ఒలవకుండా కాయగానే గోనెసంచుల్లో, నేల తేమ తగలకుండా చెక్కల మీద పెట్టి ఉంచండి. విత్తే వారం ముందే ఒలవండి. వచ్చే జూన్‌లో విత్తనం కోసం ఎవరి గుమ్మం ముందూ క్యూలో నిలబడక్కర్లేదు.